కంబళి మెడలో గుదికర్ర

చైతన్య పిక్క మీద పడినవి రెండు పంటి గాట్లు. రెండే. పత్తికొండ ఆసుపత్రిలో సూది వేయించుకుని వచ్చి, ప్యాంటు మోకాలి దాకా మడుచుకుని, పాల కేంద్రం అరుగు మీద కూర్చుని వచ్చినవాడికీ పోయినవాడికీ చూపించాడు కాబట్టి నేనూ చూశాను. మా కంబళి నిజంగా కరిచి ఉంటే అక్కడ చూపించడానికి పిక్క మిగిలేది కాదు. తోడేలు మెడ పట్టుకుని విదిలించిన కుక్క అది. ఆ పొద్దు మనిషిని పట్టుకుని నిలబెట్టింది, అంతే. ఈ మాట పంచాయితీలో అన్నది మా అత్త గిడ్డమ్మ ఒక్కతే. అన్నందుకు ఆమెను ఇంటికి పొమ్మన్నారు.

మాకు నూట పది గొర్రెలున్నాయి. మా మామ గోపన్న, మా అత్త, నేను వాటి వెంట తిరుగుతాం. మా ఆయన హనుమేష్ చైతన్య ట్రాక్టర్ నడుపుతాడు. శనగ కోతలు అయిపోయినప్పటి నుంచి తొలకరి దాకా మా మందను రైతులు పిలిచి చేలల్లో పెట్టించుకుంటారు. పగలు ఎక్కడ మేసినా పొద్దు గూకేసరికి మంద ఆ చేనుకు చేరాలి, అక్కడే పడుకోవాలి. పెంటికలు, మూత్రం ఆ నేలకు. రోజూ కొంచెం కొంచెం పక్కకు జరుపుకుంటూ పోతే పదిహేను రోజులకు చేనంతా సత్తువ పడుతుంది. మంద పెట్టిన చేనుకూ, సంచుల మందు చల్లిన చేనుకూ ఉన్న తేడా మా ఊళ్ళో చిన్నపిల్లలు కూడా పైరు చూసి చెప్పేస్తారు. అందుకే ఎండాకాలం వస్తే మా మామకు ఎక్కడలేని మర్యాద. నా చేనుకు ముందు రా అంటే నా చేనుకు ముందు రా అని టీలు తాపుతారు. వానలు పడినాక ఆ టీ ఇచ్చినవాళ్ళే గట్టు మీద గొర్రె కాలు పెడితే కట్టె తీసుకుంటారు.

మంద ఎక్కడుంటే మేమూ అక్కడే. మాతోపాటు కంబళి.

దాని పేరు నేనే పెట్టాను. నేను కొత్త కోడలిగా వచ్చిన ఏడు మా మామ సిరుగుప్ప అవతల గొర్రెల కాపరులకు ఒక పొట్టేలు పిల్లనిచ్చి దాన్ని తెచ్చాడు. గంపలో ముడుచుకుని పడుకుని ఉంటే, నల్లగా, గరుకుగా, చలికి కప్పుకునే కంబళిని మడిచి పెట్టినట్టు కనిపించింది. రెండేళ్ళకు నా నడుము ఎత్తు పెరిగింది. తల నిమిరితే విసుక్కుని పక్కకు పోతుంది. బిస్కెట్టు వేసినవాడి వైపు చూడనైనా చూడదు. కానీ గొర్రె ఈనుతుంటే దాని పక్కన పూటంతా కదలకుండా కూర్చుంటుంది. తల్లి తన్నేసిన పిల్లలను నాకి నాకి లేపిన కుక్క అది. పొద్దు గూకితే మంద చుట్టూ మూడు సార్లు తిరిగి, గాలి ఎటు నుంచి వస్తుందో చూసుకుని అటు మొహం పెట్టి పడుకుంటుంది. దానికి పట్టాలూ పాసుపుస్తకాలూ తెలియవు. మంద ఏ నేల మీద పడుకుంటే ఆ నేల దానిది.

ఈ సంగతి ఊరందరికీ తెలుసు కాబట్టే మా పక్క ఒక పద్ధతి ఉంది. మంద ఉన్న చేనులోకి ఎవరు వచ్చినా గట్టు మీద నిలబడి కేక వేయాలి. లోపలి నుంచి కాపరి "రా" అని బదులు పలకాలి. ఆ బదులు వింటే కుక్క పడుకుంటుంది. బదులు రాకముందే అడుగు పెడితే లేస్తుంది. చేను ఎవరిదన్నది లెక్క కాదు. చైతన్య వాళ్ళ నాయన ఊరికి పెద్ద మనిషి. ఆయన కూడా బతికి ఉన్నన్నాళ్ళూ తన చేను గట్టు మీద నిలబడి, "గోపన్నా, వస్తాండా" అని కేక వేసి, బదులు వచ్చేదాకా తుండుగుడ్డతో మొహం తుడుచుకుంటూ నిలబడేవాడట.

కొడుకుకు ఆ తీరిక లేదు. కర్నూలులో కాంట్రాక్టులు, ఇక్కడ ఇరవై ఎకరాలు. ఈ ఏడు ఆయన చేనులో మంద దిగిన మూడో రోజు తెల్లవారుతుండగా రోడ్డు మీద కారు ఆపి, ఫోను చేత్తో ఎత్తి పట్టుకుని వీడియో తీసుకుంటూ నేరుగా చేనులోకి దిగాడు. మా మామ కంచెకు ముళ్ళు సర్దుతున్నాడు. నేను మూడు రాళ్ళ పొయ్యి దగ్గర ఉన్నాను. "అన్నా, ఆడనే నిలబడు" అని అరిచాను. ఫోనులోంచి చూపు తీయకుండానే ఎడమ చెయ్యి ఊపాడు, నా చేనేలే అన్నట్టు. ఇంకో నాలుగడుగులు వేసి ఒక ఈనిన గొర్రెకూ దాని పిల్లకూ మధ్యలో నుంచి నడిచాడు.

కంబళి మొరగలేదు. అది మొరిగే రకం కాదు. వచ్చి పిక్క పట్టుకుంది. నేను "ఇడ్సు" అన్నాను, విడిచింది. అంతా కలిపి నేను రెండు సార్లు ఊపిరి తీసినంత సేపు. చైతన్య కింద పడ్డాడు, ఫోను పెంటికల్లో పడింది. లేచి మొదట తీసుకున్నది ఫోనునే.

ఆ సాయంత్రం పాల కేంద్రం అరుగు మీద పంచాయితీ. పెద్ద బసవరాజ్. పాల కేంద్రం ఆయనది, ఊరి తగాదాలు కూడా ఆయనవే. చైతన్య ఒకటే మాట అన్నాడు, కుక్కను చంపేయాలని. ఇంకేమీ అడగనని, అదేదో మా మీద దయ చూపిస్తున్నట్టు చెప్పాడు. మా అత్త ఊరుకోలేదు.

"అది పట్టుకున్యాదప్పా, కరవలేదు. కరిసింటే నువ్వు ఈడ కూసోని మాట్లాడవు, కర్నూల్లో పండుకొని మాట్లాడుతావు."

బసవరాజ్ ఆమెను ఇంటికి పొమ్మన్నాడు. మగవాళ్ళు మాట్లాడుకుంటున్నారు కదా, నీకేం పని అన్నాడు. నన్ను మాత్రం ఉండమన్నాడు, కాగితం రాయాలి కాబట్టి. ఆ అరుగు మీద బీకాం చదివినదాన్ని నేనొక్కతెనే.

"పిలిచి రావల్ల గదా అన్నా" అన్నాను. "నేను అరిస్తి గూడా."

"నా చేన్లోకి నేను పోయేదానికి కుక్కను పర్మిషన్ అడగల్లనా?" అన్నాడు చైతన్య.

అందరూ నవ్వారు. ఇప్పటికీ నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ నవ్వే. అక్కడున్న పద్నాలుగు మందిలో చైతన్య తప్ప గట్టు మీద నిలబడి కేక వేయనివాడు ఒక్కడు లేడు. బసవరాజ్ అయితే రెండు సార్లు వేస్తాడు, మొదటిది మాకు వినపడలేదేమో అని. అందరికీ పద్ధతి తెలుసు. తెలిసి నవ్వారు. మా మామ తల వంచుకుని చెప్పు కొనతో మట్టి గీకుతూ నిలబడ్డాడు. మా ఆయన చైతన్య వెనకాల నిలబడి ఉన్నాడు, ట్రాక్టర్ తాళం వేలికి తిప్పుకుంటూ. నవ్వలేదు. నవ్వనందుకు నేను సంతోషించాలేమో.

ఆఖరికి బసవరాజ్ మధ్యస్థం చెప్పాడు. చంపడం వద్దు, మెడలో గుదికర్ర వేయండి అని. గుదికర్ర అంటే దొంగమేతకు పోయే గొడ్డు మెడలో వేలాడదీసే మొద్దు. నడిస్తే ఫరవాలేదు, పరుగెత్తితే మోకాళ్ళకు కొట్టుకుంటుంది. దొంగ గొడ్డుకు వేసేది కాపలా కుక్కకు వేయమన్నాడు. అందరూ బాగుంది బాగుంది అన్నారు. మా మామ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు, కుక్క ప్రాణం దక్కిందని.

నేను కాగితం రాశాను. బసవరాజ్ చెప్తుంటే ఒక్కో మాటా. గోపన్న కుక్క మెడకు గుదికర్ర కట్టాలి. చైతన్య తీయమని చెప్పేవరకు తీయరాదు. తీసినట్లయితే గోపన్న మందను ఈ గ్రామ చేలల్లోకి రానివ్వరాదు. మా మామ వేలిముద్ర వేశాడు. ఇద్దరు సాక్షి సంతకాలు పెట్టారు. బసవరాజ్ కాగితాన్ని ఎత్తి పట్టుకుని చూసి మురిసిపోయాడు.

"అచ్చేసినట్ల రాసినావు మ్మే."

గడువు లేని ఒప్పందం ఎంత ప్రమాదమో పరీక్షలో రెండు పేజీలు రాసి పాసైనదాన్ని. చైతన్య చెప్పేవరకు అని రాయమన్నప్పుడు ఎన్నాళ్ళు అని అడగలేదు. నా చెయ్యి ఆగలేదు. పద్నాలుగు మంది మగవాళ్ళ మధ్యలో నా దస్తూరి బాగుండాలన్న యావే నాకు ఎక్కువైంది. అందుకే చైతన్య మీద కోపం వచ్చినప్పుడల్లా దాంట్లో సగం నాకు నేను తీసిపెట్టుకుంటాను.

మొద్దు హనుమేష్ చెక్కాడు. తుమ్మ మొద్దు, నా మోచేతి పొడవు. కట్టడానికి మాత్రం ఎవరి వల్లా కాలేదు, కంబళి మెడ దగ్గరికి ఎవర్నీ రానివ్వలేదు. నేను పోయాను. ఒంటి మీది గోమార్లు, పిడుదులు ఏరి తీస్తాననుకుంది. మెడ చాచి కళ్ళు మూసుకుంది. కట్టేశాను.

ఇంత చేసీ మంద మాత్రం ఆ చేనులోనే ఉండాలి. ఎరువు కావాలి కదా. పదిహేను రోజుల మాట మాటేనన్నాడు చైతన్య. రోజూ తెల్లవారి వచ్చేవాడు. కేక లేదు, పలకరింపు లేదు. మంద మధ్యలో చెప్పులతో తిరిగేవాడు. గొర్రెలు బెదిరి ఒకదాని మీద ఒకటి పడేవి. కంబళి లేచేది, రెండడుగులు వేసేది, మొద్దు ఊగి మోకాలికి టప్పున తగిలేది, నిలబడిపోయేది. చైతన్య దాన్ని ఫొటో తీసుకునేవాడు. ఎవరికి పంపేవాడో తెలియదు.

"ఏం గోపన్నా, ఇప్పుడు బుద్ధి వచ్చినట్లుండాది గదా" అన్నాడు ఒక రోజు.

"వచ్చిందప్పా" అన్నాడు మా మామ.

ఆయన అటు పోయాక మా అత్త మామను నిలదీసింది. వచ్చింది ఎవరికి, కుక్కకా నీకా అని. మామ కంచె ముళ్ళు సర్దడానికి పోయాడు. ఆయన చాటున మాత్రం బాగా మాట్లాడతాడు. చేను చైతన్యదే కానీ మంద పడుకున్నన్ని రోజులు కుక్కదేనని, ఇది తన తాత కాలం నుంచి ఉన్న పద్ధతేనని నాకు పొయ్యి దగ్గర కూర్చుని చెప్పాడు. ఆ మాట అరుగు మీద చెప్పి ఉండొచ్చు కదా మామా అన్నాను. అక్కడ చెప్పే మాటలు వేరే ఉంటాయన్నాడు. హనుమేష్‌ను అడిగితే ఒక కట్టె ముక్కకు ఇంత రచ్చ ఎందుకన్నాడు. నెల పోతే చైతన్యే మరిచిపోతాడన్నాడు.

నాలుగో రోజుకే తాడు ఒరుసుకుని కంబళి మెడ పచ్చిపుండైంది. పసుపూ వేపనూనే రాశాను. మోకాళ్ళు వాచాయి. పొద్దు గూకితే మంద చుట్టూ తిరగడం మాత్రం మానలేదు. మొద్దు నేలకు తగలకుండా తల పక్కకు ఎత్తి పట్టుకుని తిరిగేది. అది చూడలేక మా అత్త మొహం తిప్పుకునేది.

మంద దిగిన పదో రోజు. ఎండ మండిపోతోంది. మేత లేక మందను గుట్టల మధ్య వంక దాకా తోలుకుపోయాం, అత్త ముందు, నేను వెనక. వంకలో ఒక చోట ఇంకా ఇన్ని నీళ్ళున్నాయి. మిట్ట మధ్యాహ్నం. గొర్రెలన్నీ నీళ్ళకు తలలు వంచి ఉన్నాయి.

మొదట కనిపించింది ఒక తోడేలు, ఎదురు గుట్ట మీద బండ పక్కన, దాక్కోకుండా నిలబడి. కంబళి చూసింది. అలా కనబడేటట్టు నిలబడిన తోడేలు వైపు అది ఎప్పుడూ పోదు. రెండోది ఎక్కడుందో వెతుకుతుంది. ఆ రోజూ అదే చేసింది. చెవులు వెనక్కి పెట్టి గాలి పీల్చి, గిరుక్కున వెనక్కి తిరిగింది. రెండోది మా వెనక తుప్పల్లో నుంచి అప్పటికే బయటికి వచ్చింది. కంబళి దూకింది. మొద్దు ముంగాళ్ళ మధ్యలోకి పోయింది. తలకిందులుగా పడింది.

లేచింది. మళ్ళీ ఉరికింది. మళ్ళీ పడింది. ఆ లోపల తోడేలు ఒక గొర్రె గొంతు పట్టేసింది. ఎదురు గుట్ట మీదిది కిందికి దిగి ఒక పిల్లను కరిచి వదిలేసి, ఇంకో పిల్లను నోట కరుచుకుంది. మా అత్త రాళ్ళు విసురుతూ అరుస్తోంది. నేను కొమ్మలు కోసే కొడవలి పట్టుకుని పరుగెత్తాను. మూడోసారి కంబళి ఆగలేదు, పడుతూ లేస్తూనే పోయి తోడేలు వెనక కాలు అందుకుంది. తోడేలు తిరిగి దాని ముంగాలు పట్టింది. కాలు ఎత్తబోతే మొద్దు అడ్డం. మెడ తిప్పబోతే మొద్దు అడ్డం. దాని బలమంతా ఒక కట్టె ముక్కతో పోట్లాడటానికే సరిపోయింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది.

నేను పోయి తోడేలు నడుము మీద కొడవలితో కొట్టాను. తగిలిందో లేదో, వదిలిపెట్టి పోయింది. కంబళి మీద పడి తాడు తెగ్గోశాను. విడిపించీ విడిపించగానే అది నా చేతుల్లో ఆగలేదు. మూడు కాళ్ళతో గుట్ట ఎక్కింది, నోట పిల్ల ఉన్న తోడేలు వెంట. సగం గుట్ట దాకా పోయి నిలబడింది. అందదని దానికి తెలిసింది. దిగి వచ్చి, మందకూ గుట్టకూ మధ్యలో నిలబడి నాలుక వేలాడేసి చూస్తూ ఉండిపోయింది. ఒక గొర్రె చచ్చిపోయింది. కడుపుతో ఉన్నది. ఒక పిల్ల పోయింది. ఇంకో పిల్ల గొంతు చీలి మా అత్త ఒడిలో పోయింది.

పత్తికొండలో పశువుల డాక్టరు కాలికి కట్టు కట్టాడు. ఎముక అతుకుతుందిగానీ మునుపటిలాగా పరుగెత్తదన్నాడు. మెడ మీది పుండు చూసి ఇదేంటని అడిగాడు. గుదికర్ర వేశామన్నాను. కాపలా కుక్కకా, ఎవరు వేశారని అడిగాడు. నేనేనన్నాను. ఆయన చేతులు కడుక్కున్నాడు.

చేనుకు తిరిగి వచ్చేసరికి సాయంత్రమైంది. హనుమేష్ మా కోసం కూర్చుని ఉన్నాడు. పక్కన కొత్త మొద్దు, తాడు. ఇది మునగ కట్టె, బరువే ఉండదు, పట్టుకుని చూడు అన్నాడు. నిజమే, ఏమీ లేదు దాంట్లో.

"ఊరికే ఏలాడితే సాలు" అన్నాడు. "పొద్దున ఆయప్ప వచ్చి సూస్తే మెడలో ఏదో ఒకటి ఉండల్ల గదా. కాగితం రాసిస్తిరి."

"కాలు ఇరిగిన కుక్కకు కడతావా?"

"నేను కట్టను, నువ్వే కట్టల్ల. నన్ను రానీదు."

ఆ మాట అన్నాక తనే సిగ్గుపడ్డాడు. కానీ ఆగలేదు. తన పని పోతుందన్నాడు. ఊరంతా ఒక్కటైతే మంద ఎక్కడ మేస్తుందన్నాడు. ఒక కుక్క కోసమా ఇదంతా అన్నాడు. నేను మునగ కట్టె తీసుకుని పొయ్యిలో పెట్టాను. పచ్చిది, మండలేదు. కళ్ళకు పొగ మాత్రం బాగా వచ్చింది. మా అత్త లేచి వచ్చి, పొయ్యిలో ఇన్ని ఎండు పుల్లలు వేసి ఊది, అది మండేదాకా అక్కడే కూర్చుంది.

మరునాడు పొద్దున చైతన్య వచ్చి చూశాడు. అర్ధగంటలో పాల కేంద్రం దగ్గరికి రమ్మని మనిషి వచ్చాడు.

పాలు పోయడానికి వచ్చినవాళ్ళంతా క్యాన్లు పక్కన పెట్టి ఉండిపోయారు. బసవరాజ్ కాగితం తెప్పించి నా దస్తూరిని గట్టిగా చదివాడు. చైతన్య పాపం బాధపడ్డాడు. గొర్రెలు పోయినందుకు, పిల్లలు పోయినందుకు. తోడేలు వస్తే నేనేం చేసేది, నేను పంపినానా అన్నాడు. అయినా ఒప్పందం ఒప్పందమేనన్నాడు. మొద్దు కట్టాలి, లేదా కాగితంలో ఉన్నట్టు జరగాలి. మా మామ నోరు తెరిచాడు. దండం పెట్టబోతున్నాడని ఆయన చేతులు కదిలిన తీరు చూస్తేనే తెలిసింది.

"కట్టం" అన్నాను. "కాగితంలో ఉన్నట్లే కానీండి. మందను చేలల్లోకి రానీకూడదు, అంతే గదా. ఈ పొద్దే లేపుతాండాము."

చైతన్య నా వైపు మొదటిసారి సరిగ్గా చూశాడు. "పదైదు దినాలకు మాట. పదే అయినాయి."

"పదేనన్నా. మిగతా ఐదు దినాలు మేము పెడతామన్నా ఈ కాగితం ఒప్పుకోదు."

బసవరాజ్ కాగితం వైపు మళ్ళీ చూశాడు. ఈసారి మనసులోనే చదువుకున్నాడు. ఆయన ఆరెకరాల చేను చైతన్య చేను తర్వాత వరసలో ఉంది. నెల నుంచి మా మామకు టీ తాపిస్తున్నది దానికోసమే.

"నా చేను సంగతేమి మ్మే?"

"ఈ గ్రామ చేలల్లోకి అని చెప్తివి గదప్పా. ఈయప్పది ఒక్కటే అని చెప్పింటే అట్లే రాసింటి."

ఎవరి చేను వరసలో ఎన్నోదో అందరూ లెక్క వేసుకుంటున్నారు. ఒకాయన నెమ్మదిగా, ఆ ఒక్క మాట కొట్టేస్తే సరిపోతుంది కదా అన్నాడు. పాలక్యాను పట్టుకున్న ఇంకొకాయన వంత పాడాడు. ఆ పొద్దు నవ్వినవాళ్ళే. కుక్కను చంపమంటే నోరు రానివాళ్ళకు తమ చేనుకు ఎరువు రాదనేసరికి న్యాయం కనిపించింది.

"కొట్టేస్తే మొత్తం కొట్టేయండి" అన్నాను. "గుదికర్ర గూడా."

బసవరాజ్ చైతన్య మొహం వైపు చూశాడు. చైతన్య తల అడ్డంగా ఊపాడు. పిక్క మీద చెయ్యి వేసుకుని, అక్కడింకా నొప్పి ఉన్నట్టు ఒత్తుకున్నాడు. కాగితం అలాగే ఉండిపోయింది. బసవరాజ్ దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు మా మామ ఎత్తబోయిన చేతులు దించుకున్నాడు. గోడకు ఆనించిన కట్టె తీసుకున్నాడు.

"పా మ్మా" అన్నాడు నాతో. అంతే. అరుగు వైపు తిరిగి దండం పెట్టకుండా నడిచాడు. అరవై ఏళ్ళలో ఆ అరుగు మీద నుంచి అలా దిగడం ఆయనకు అదే మొదలు.

పొరుగూరి పొలిమేరలో యేసుప్రసాద్ అని మా మామకు తెలిసిన రైతు ఉన్నాడు. రెండున్నర ఎకరాల ఇసుక కలిసిన గరపనేల. పెద్ద రైతుల చేలు అయ్యేసరికే వానలు పడేవి, అతని వరస ఎప్పుడూ రాలేదు. ఏ ఏడూ మంద చూడని నేల అది. ఇప్పుడు పిలవగానే ఎగిరి గంతేసి కంచెకు ముళ్ళు తనే కొట్టుకొచ్చాడు. కంబళిని యేసుప్రసాద్ ఎద్దులబండి మీద పడుకోబెట్టుకుని పోయాం. బండి మీద అది ఒక్క క్షణం తల వాల్చలేదు. వెనక వస్తున్న మందను చూస్తూనే ఉంది.

హనుమేష్ మాతో రాలేదు. పని పోలేదు కూడా. చైతన్యకు డ్రైవరు కావాలి. రోజూ ట్రాక్టర్ ఎక్కాడు, దిగాడు, ఇంట్లో ఒక్కడే వండుకున్నాడు. ఎనిమిది రోజులకు యేసుప్రసాద్ చేనుకు వచ్చాడు. ఒక మోపు పచ్చి జొన్నచొప్ప తెచ్చాడు. కంబళికి దూరంగా కూర్చుని దాని కాలు చూశాడు. అది ఆయన్ను చూసి మళ్ళీ మంద వైపు తిరిగింది. దాని మనసులో ఏమీ లేదు. ఉన్నదంతా నా మనసులోనే.

కాసేపటికి వచ్చిన పని బయటపెట్టాడు. వానలు దగ్గరికొచ్చాయట. మంద దిగిన ముక్క నల్లగా, మిగిలిన ముక్క తెల్లగా చేను రెండు రంగుల్లో కనబడుతోందట. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి అడుగుతున్నారట. బయటి మందల కోసం ఆత్మకూరు దాకా ఫోన్లు చేశాడట చైతన్య. ఈ కాలంలో ఖాళీగా ఎవరుంటారు. అందుకని ఆ ఐదు రోజులు పెట్టి పొమ్మంటున్నాడు.

"ఏం చెప్పల్ల?" అన్నాడు హనుమేష్. "లైన్లోనే ఉండాడు."

అప్పుడు చూశాను, చొక్కా జేబులో ఫోను వెలుగుతోంది. తీసుకుని చెవి దగ్గర పెట్టుకున్నాను. చైతన్య మంచిగానే మాట్లాడాడు. జరిగిందేదో జరిగిపోయిందన్నాడు. కాగితం సంగతి బసవరాజప్ప చూసుకుంటాడన్నాడు. మందను తోలుకుని రమ్మన్నాడు.

"కుక్క?" అన్నాను.

"దాన్ని ఆడనే కట్టేసి రాండి. ఐదు దినాలే గదా."

మా అత్త చొప్ప పరుస్తూ వింటోంది. మా మామ విననట్టు కూర్చుని వింటున్నాడు.

"అన్నా, నీ చేనుకు కావాల్సింది ఐదు దినాల ఎరువే గదా. నువ్వు, బసవరాజప్ప, ఆ పొద్దు నవ్వినోళ్ళందరూ పోయి ఆడ పండుకోండి. కొంచెం కొంచెం జరుక్కుంటా పోండి, చేనంతా అందుతాది. కుక్క రాదులే, భయం లేదు."

హనుమేష్ ఫోను కోసం చెయ్యి చాచాడు. మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా మామ తల వంచుకున్నాడు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. ఫోను మా ఆయన చేతిలో పెట్టి, మందను లేపడానికి పోయాను. మేతకు పొద్దు ఎక్కుతోంది.